ఎంత వాదించినా ఎవరూ మారరు, అయినా మనుషులు మారతారు

పెళ్లి భోజనాల దగ్గర, టీ కొట్టు బల్లల మీద, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నడిచే రాజకీయ వాదనలన్నీ ఒకే తీరుగా ముగుస్తాయి. మొదలుపెట్టినప్పుడు ఎవరు ఏ పక్షాన ఉన్నారో, లేచిపోయేటప్పుడూ ఆ పక్షానే ఉంటారు. మధ్యలో గొంతులు పెరుగుతాయి. పదేళ్ల నాటి సంగతులు బయటికొస్తాయి. బావ బావమరుదుల మధ్య మాటలు తగ్గుతాయి. ఒక్కరి అభిప్రాయం కూడా వెంట్రుకవాసి కదలదు. ఇలాంటివి కొన్నేళ్లు చూశాక చాలామంది విసిగిపోయి, రాజకీయాలు మాట్లాడటమే మానేస్తున్నారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ మానేయడం పరిష్కారం కాదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఇందులో ఇంకో నిజం కూడా ఉంది. కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకున్నవాళ్లు నడివయసులో మరో మాట మాట్లాడటం మనకు తెలుసు. రిజర్వేషన్ల పేరెత్తితేనే మండిపడినవాళ్లు పదేళ్ల తర్వాత వాటిని సమర్థించడమూ చూస్తున్నాం. మనుషుల అభిప్రాయాలు మారుతూనే ఉన్నాయి. అయితే వాదనలో మారని మనిషి, వాదన లేనప్పుడు ఎలా మారుతున్నాడు? ఈ ప్రశ్నను కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు, వాదనలో ఎందుకు మారడో చూద్దాం. 1960లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లండన్‌లో ఒక చిన్న ప్రయోగం చేశాడు. మనుషులకు 2, 4, 6 అని మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, కనుక్కోండి అన్నాడు. మీరూ ఏవైనా మూడు అంకెలు చెప్పవచ్చు, అవి నియమానికి సరిపోతాయో లేదో నేను చెబుతాను అన్నాడు. చాలామందికి వెంటనే తట్టింది ‘రెండేసి చొప్పున పెరగడం’. 8, 10, 12 అన్నారు. సరిపోయింది. 20, 22, 24 అన్నారు. అదీ సరిపోయింది. నియమం దొరికిందని ధీమాగా చెప్పేశారు. కానీ వేసన్ మనసులో ఉన్న నియమం అది కాదు. వరసగా పెరిగే ఏ మూడు అంకెలైనా సరే, అంతే. 1, 7, 50 అన్నా సరిపోయేది. తన ఊహ తప్పేమో చూద్దామని, దానికి పొసగని అంకెలు వేసి చూసినవాళ్లు తక్కువ. ఎక్కువమంది తమ ఊహకు నప్పే అంకెలనే మళ్లీ మళ్లీ వేశారు. ప్రతిసారీ ‘అవును’ అనే జవాబే వచ్చింది కాబట్టి నమ్మకం ఇంకా బలపడింది.

అంకెల దగ్గర ఎవరికీ కులం లేదు, పార్టీ లేదు, పరువు లేదు. అక్కడే మనం ఇలా ఉంటే, మన నాయకుడి గురించో మన ప్రాంతం గురించో మాట వచ్చినప్పుడు ఎలా ఉంటామో చెప్పనక్కర్లేదు. మనకు నచ్చిన పేపరు చదువుతాం, నచ్చిన ఛానల్ చూస్తాం, అన్నీ ‘అవును’ అనే చెబుతుంటాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాణ్ని మొండివాడని తీసిపారేస్తాం గానీ, నాలుగో కాలు అతని కంట పడకుండా చేసే ఏర్పాట్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి.

ఇంతకంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన ప్రయోగం 2012లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించినది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 160 మందికి ఒక అట్టకు బిగించిన ప్రశ్నపత్రం ఇచ్చారు. నేరాల్ని అరికట్టడానికి ప్రభుత్వం పౌరుల ఈమెయిళ్ల మీద నిఘా పెట్టవచ్చా లాంటి విషయాల మీద ఎంతవరకు ఒప్పుకుంటారో గుర్తు పెట్టమన్నారు. ఆ పత్రంలో కిటుకు ఉంది. మొదటి పేజీలో కొన్ని వాక్యాలు విడి కాగితం ముక్క మీద ఉన్నాయి. పేజీ తిప్పగానే ఆ ముక్క అట్ట వెనకున్న జిగురుకు అంటుకుపోతుంది. మళ్లీ మొదటి పేజీకి వస్తే దాని కింద సరిగ్గా వ్యతిరేకార్థం వచ్చే వాక్యాలు ఉంటాయి, పెట్టిన గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. అంటే ‘పెట్టవచ్చు’ అన్న మనిషి ఇప్పుడు ‘పెట్టకూడదు’ అన్నట్టు కనిపిస్తాడు. అప్పుడు పరిశోధకుడు, మీరు ఇలా అన్నారు కదా, కారణం చెప్పండి అని అడుగుతాడు.

మూడింట రెండొంతుల మందికి పైగా, మారిన వాక్యాల్లో కనీసం ఒకదాన్ని గుర్తుపట్టలేదు. సగానికి పైగా జనం, తాము కొద్ది నిమిషాల కిందట పెట్టిన గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అభిప్రాయాన్ని కనీసం ఒకదాన్ని కారణాలతో సహా సమర్థించారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, అబద్ధాలకోరులూ కారు. ‘ఇది నా మాట’ అని నమ్మగానే దానికి కావలసిన కారణాల్ని బుర్ర అప్పటికప్పుడు అల్లేసింది. మనం అనుకునే వరస ఏమిటంటే ముందు కారణాలు, తర్వాత అభిప్రాయం. జరిగేది చాలాసార్లు దానికి తలకిందులు. అందుకే వాదనలో ఎదుటివాడి కారణాన్ని మీరు పడగొట్టినా అభిప్రాయం పడిపోదు. అది ఆ కారణం మీద నిలబడినదే కాదు. ఒకటి పడితే ఇంకొకటి పుట్టుకొస్తుంది.

మరయితే మార్పు ఎక్కడ జరుగుతుంది? దాని జాడ దొరకడం కష్టం, ఎందుకంటే మనిషి తన మార్పును తానే చెరిపేసుకుంటాడు. అమెరికాలో కొన్ని కుటుంబాల తల్లిదండ్రుల్ని, పిల్లల్ని 1973లో రాజకీయ అభిప్రాయాలు అడిగి, 1982లో మళ్లీ అడిగారు. రెండోసారి ‘1973లో మీరు ఏం చెప్పారు’ అని కూడా అడిగారు. గుర్తున్నదని వాళ్లు చెప్పినది, 1973లో వాళ్లు చెప్పినదానికంటే 1982లో వాళ్లు నమ్ముతున్నదానికే దగ్గరగా ఉంది. నేను మొదట్నుంచీ ఇంతే అనే మాట మనమంతా నిజాయతీగానే అంటాం. మారిన సంగతి మనకే తెలియదు.

తెలిసి, చెప్పి, బాహాటంగా మారినవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. ఎం.ఎన్. రాయ్ సంగతి చూడండి. 1887లో బెంగాల్‌లో నరేంద్రనాథ్ భట్టాచార్యగా పుట్టాడు. బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటుకు జర్మన్ ఆయుధాలు తేవాలని 1915లో దేశం దాటిన జాతీయ విప్లవకారుడు. మెక్సికో చేరి, 1919లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 1920లో మాస్కో వెళ్లి, అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ మహాసభలో, వలస దేశాల్లో జాతీయ ఉద్యమాలను ఎంతవరకు బలపరచాలన్న విషయంలో లెనిన్‌తోనే విభేదించాడు. ఆ వాదన ఎలా ముగిసిందో గమనించాలి. లెనిన్ సిద్ధాంత పత్రంతో పాటు రాయ్ రాసిన అనుబంధ పత్రాన్ని కూడా ఆ మహాసభ ఆమోదించింది. 1929లో అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ ఆయన్ని బహిష్కరించింది. దేశానికి తిరిగొచ్చి 1931లో అరెస్టయి 1936 దాకా జైల్లో ఉన్నాడు. 1940లో రాడికల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టాడు. 1948 చివర్లో, అసలు పార్టీ పద్ధతే ప్రజాస్వామ్యానికి అడ్డు అన్న నిర్ణయానికి వచ్చి సొంత పార్టీనే రద్దు చేశాడు. నవ్య మానవవాదిగా 1954లో పోయాడు.

ఆ రాడికల్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేసినవాడు త్రిపురనేని గోపీచంద్. హేతువాది, కవి అయిన త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు ‘అసమర్థుని జీవయాత్ర’ను తండ్రికే అంకితమిచ్చాడు. ఆ నవలలో సీతారామారావు చేసే ప్రతి పనికీ తనలో తాను ఒక వాదన అల్లుకుంటాడు, వాదనలతోనే కుప్పకూలిపోతాడు. మనిషి తనతో తాను చేసుకునే వాదన ఎంత మోసకారిదో అంత లోతుగా చూపిన తెలుగు పుస్తకం నాకు ఇంకొకటి తెలియదు. అలాంటి గోపీచంద్ చివరి సంవత్సరాల్లో అరవిందుల తత్వం వైపు మళ్లాడు. అంతకుముందే, తెలుగుదేశాన్ని ఉలిక్కిపడేలా చేసిన చలం 1950లో తిరువణ్ణామలై వెళ్లి రమణాశ్రమం పక్కన స్థిరపడ్డాడు.

ఈ మార్పులు సరైనవా కావా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు ఇక్కడ ముఖ్యమనిపించేది వేరే. వీళ్లలో ఎవరూ ఒక సాయంత్రం వాదనలో ఓడిపోయి మారలేదు. ఏళ్ల తరబడి చదివారు, పనిచేశారు, తాము నమ్మినది తమ కళ్లెదుటే తడబడటం చూశారు, ఒంటరిగా ఆలోచించుకున్నారు. రాయ్‌కి జైల్లో గడిచిన ఐదేళ్లకు పైగా కాలం నోట్‌పుస్తకాలు నింపుకునే కాలం అయింది. అభిప్రాయం జనం మధ్య కాక ఏకాంతంలో కదులుతుంది. పదిమంది చూస్తుండగా కదలడం అంటే ఓడిపోవడం. ఎవరికీ ఓడిపోవడం ఇష్టం ఉండదు.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. మన రాజకీయాల్లో ‘మారాడు’ అన్న మాటకే చెడ్డపేరు వచ్చింది. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఆయారాం గయారాం అన్న మాట ఆయనతోనే పుట్టింది. ఈ గోడ దూకుళ్లను ఆపాలని 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు తెచ్చారు. అయినా పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా కప్పుకునే దృశ్యాలు తెలుగువాళ్లకు కొత్త కాదు. దీన్ని చూసి చూసి, మామూలు మనిషి ఎవరైనా ‘ఈ విషయంలో నా అభిప్రాయం మారింది’ అనగానే, ఎంత ముట్టింది అని అడగడం మనకు అలవాటైపోయింది. ఈ అలవాటు చాలా నష్టం చేస్తోంది. కండువా మార్చడం, అభిప్రాయం మారడం రెండూ ఒకటి కావు. వాటిని విడదీసి చూడటం అంత కష్టమూ కాదు. కండువా మార్చినవాడికి సాధారణంగా ఏదో ఒకటి చేతికొస్తుంది. అభిప్రాయం మారినవాడు ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. రాయ్ పోగొట్టుకున్నవి లెక్కపెట్టండి, తెలుస్తుంది. కండువా మార్చినవాడు నిన్నటి మాట అనలేదంటాడు. అభిప్రాయం మారినవాడు నిన్న అలా ఎందుకన్నానో, ఇవాళ ఇలా ఎందుకంటున్నానో రెండూ చెప్పగలడు. గాంధీ తన రాతల్లో పొంతన కుదరకపోతే తర్వాత రాసినదాన్నే తీసుకోమని 1933లో బాహాటంగా రాశాడు. అలా చెప్పడానికి ధైర్యం కావాలి.

చట్టం ఈ తేడాను పట్టుకోలేదు. సభలో ఎదుటి పక్షం వాదన విని నిజంగా మనసు మార్చుకున్న సభ్యుడు కూడా, తన పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వం పోగొట్టుకునే పరిస్థితి ఉంది. ఓటు ముందే తేలిపోయిన సభలో చర్చ అరుపులుగా దిగజారడంలో వింతేమీ లేదు.

అలాగని మన దేశంలో ఫలించిన రాజకీయ వాదనలు లేవా? ఉన్నాయి. ఒకదాన్ని వివరంగా చెబుతాను.

1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను రాజ్యాంగ సభలో ప్రవేశపెడుతూ అంబేడ్కర్ గ్రామాల గురించి కటువుగా మాట్లాడారు. ఊరు అజ్ఞానానికి, సంకుచితత్వానికి నెలవని, ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని అన్నారు. ఊరవతల పెట్టిన మనుషుల అనుభవం ఆ మాటల వెనక ఉంది. గాంధీ గ్రామ స్వరాజ్యాన్ని నమ్మిన సభ్యులకు ఆ మాటలు మంటపుట్టించాయి. తర్వాతి రోజుల్లో మన ఎన్.జి. రంగాతో సహా చాలామంది తీవ్రంగా విమర్శించారు. ఇది మన వాట్సాప్ గ్రూపు అయితే ఊరు గొప్పదా కాదా అన్న దగ్గరే రాత్రి తెల్లారేది.

అక్కడ అలా కాలేదు. నవంబరు 22న మద్రాసు సభ్యుడు కె. సంతానం ఒక సవరణ తెచ్చారు. రాజ్యం గ్రామ పంచాయతీలను ఏర్పరచి, అవి స్వపరిపాలనా సంస్థలుగా పనిచేయడానికి కావలసిన అధికారాలు ఇవ్వాలన్నది దాని సారాంశం. అంబేడ్కర్ లేచి సవరణను అంగీకరిస్తున్నానన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు దాన్ని మనసారా ఆహ్వానించారు. అదే ఇవాళ్టి 40వ అధికరణం. గ్రామాల మీద అంబేడ్కర్ అభిప్రాయం ఆ రోజు మారిందా? మారినట్టు ఆధారం లేదు. గాంధేయులు తమ విశ్వాసాన్ని వదులుకున్నారా? లేదు. పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లో చేరాయి. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునే హక్కుగా మాత్రం రాలేదు. ఇద్దరికీ కొంత దక్కింది, కొంత దక్కలేదు. నాలుగున్నర దశాబ్దాల తర్వాత 73వ సవరణతో 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి వచ్చింది.

ఈ వాదన ఫలించడానికి కారణం ఆ మనుషుల గొప్పతనం ఒక్కటే కాదు. అక్కడ వాదన చివర ఒక నిర్ణయం ఉంది. ప్రశ్న ‘ఊరు మంచిదా చెడ్డదా’ నుంచి ‘ఈ వాక్యం రాజ్యాంగంలో ఉండాలా వద్దా’ దగ్గరికి కుదించుకుంది. ఎదుటివాడి మనసు మార్చాల్సిన పని లేకుండానే ముందుకు పోయే దారి దొరికింది. మన వాదనల్లో లేనిది అదే. మనం ఎదుటివాడి మనసును పూర్తిగా గెలవాలని కూర్చుంటాం, తేల్చాల్సిన విషయం ఏమిటో ఎవరమూ చెప్పం.

దీన్ని మన రోజువారీ విషయానికి తెద్దాం. రైతులకు ఉచిత విద్యుత్తు 2004లో మొదలైనప్పటి నుంచి ఇవాళ్టి దాకా తెగని వాదన. ఉచితాలు దేశాన్ని ముంచుతాయని ఒకరు, రైతు కడుపు కొడతావా అని ఇంకొకరు. వాదన ఇక్కడే ఉంటే ఇంకో ఇరవయ్యేళ్లు నడుస్తుంది. దాన్ని ఇలా అడిగి చూడండి: మన ఊరి మోటార్లకు ఎంత కరెంటు పోతోందో ఎలా లెక్కిస్తున్నారు? మీటరు ఉందా, అంచనాయేనా? ఆ డబ్బు డిస్కంకు ఎవరు, ఎప్పుడు కడుతున్నారు? 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ము ముందే చెల్లించాలి. చెల్లిస్తోందా? ఈ ప్రశ్నల దగ్గర రెండు పక్షాలవాళ్లూ ఒకే రకంగా తడబడతారు, ఎందుకంటే మనలో చాలామందికి జవాబులు తెలియవు. అమెరికాలో 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కూడా ఇదే కనిపించింది. ఒక విధానాన్ని ఎందుకు సమర్థిస్తున్నారో చెప్పమంటే జనం మెత్తబడలేదు. అది అంచెలంచెలుగా ఎలా పనిచేస్తుందో వివరించమంటే, తమకు తెలిసింది తక్కువని గ్రహించి మెత్తబడ్డారు. తర్వాత మళ్లీ ప్రయత్నించినవాళ్లకు మెత్తబడటం అంతగా కనిపించలేదు గానీ, తెలిసింది తక్కువన్న గ్రహింపు మాత్రం కనిపించింది. నా దృష్టిలో ఆ గ్రహింపు చాలు. అక్కణ్నుంచి ఇద్దరూ కలిసి వెతకడం మొదలుపెట్టవచ్చు.

వెతికినది చెప్పుకోవడానికి చోటు కూడా ఉంది. కరెంటు ధరలు నిర్ణయించే ముందు రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు ప్రజల అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ జరుపుతాయి. ఎవరైనా రాసి పంపవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. ఊళ్లో గ్రామసభ ఉంది. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కాలో గంటలకొద్దీ వాదించే మనం, మన వీధి కాలువ సంగతి తేల్చే గ్రామసభకు వెళ్లడం లేదు. వాదించే ఓపిక మనకు పుష్కలంగా ఉంది. దాన్ని తీసుకెళ్లాల్సిన చోటికి తీసుకెళ్లడం లేదు.

ఇంట్లో, స్నేహితుల మధ్య సంగతి వేరు. అక్కడ నిర్ణయం ఏదీ ఉండదు, ఉన్నది మనుషులే. 2016లో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ఫలితం అక్కడ పనికొస్తుంది. అమెరికాలో మయామీ నగరంలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, లింగమార్పిడి వ్యక్తుల పట్ల వివక్ష గురించి సుమారు పది నిమిషాలు మాట్లాడారు. ఉపన్యాసం ఇవ్వలేదు. మిమ్మల్ని ఎప్పుడైనా వేరుగా చూసి చిన్నబుచ్చారా అని అడిగారు, చెప్పింది విన్నారు. అందరూ మారలేదు గానీ కొందరిలో వచ్చిన మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలిచింది. పెళ్లి భోజనంలో మీ పెద్దనాన్నతో వాదనకు దిగే ముందు, ఈ అభిప్రాయం మీకు ఎప్పుడు కలిగింది, ఏం చూసి కలిగింది అని ఒక్కసారి అడగండి. జవాబు మధ్యలో అడ్డుపడకండి.

ఇంకొక మాట. మీకు తెలిసినవాళ్లెవరైనా ఏదైనా విషయంలో తన అభిప్రాయం మారిందని చెబితే, పాత మాటలు తవ్వి ముందు పెట్టకండి. అతనికి దానివల్ల పదవీ డబ్బూ ఏమీ రాకపోతే ఆ మాటను నమ్మండి, ఏం చూసి మారావని అడగండి. మీ అభిప్రాయం మారితే మీరూ దాచుకోకండి. వచ్చే గ్రామసభ తేదీ ఎప్పుడో పంచాయతీ కార్యాలయంలో కనుక్కోండి, నగరంలో ఉంటే మీ వార్డు సమావేశం సంగతి కనుక్కోండి. ఇన్నాళ్లూ మీతో వాదిస్తున్న మనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.